వెదురు పూస్తే ఎవరికి భయం?

కనుమ రోజు జగ్గన్నతోట తీర్థంలో ప్రభల్ని చూశారుగా? ఆ రంగు గుడ్డల వెనక నిలబెట్టేది వెదురే. పందిరి, నిచ్చెన, తట్ట, చేపల బుట్ట.. కోనసీమలో వెదురు వాడని ఇల్లు తక్కువ. మరి వెదురు పువ్వు చూసినవాళ్లు ఎంతమంది? తాతయ్యని అడిగినా "ఏమోరా" అనే ఛాన్సే ఎక్కువ.

ఎందుకంటే చాలా రకాల వెదురు జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ముళ్ల వెదురుకి ఆ ముహూర్తం రావాలంటే దశాబ్దాలు పడుతుంది. కొండ మీద పొదలన్నీ దాదాపు ఒకేసారి పూసి, గింజ రాల్చి, ఎండిపోతాయి. ఏజెన్సీలో వండుకునే వెదురు బియ్యం ఆ గింజే.

అన్నీ ఒకేసారి ఎందుకు? ఒక్కో పొద ఒక్కో ఏడాది పూస్తే పక్షులు, ఎలుకలు గింజంతా ఊడ్చేస్తాయి. అన్నీ కలిసి రాలిస్తే ఎంత తిన్నా కొంత మిగులుతుంది. కోట్ల రిక్వెస్టులు ఒక్కసారే కొడితే సర్వర్ చేతులెత్తేస్తుంది చూడండి, అలాగన్నమాట. శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే వివరణ ఇదే.

కానీ ఎలుక కడుపు నిండితే ఊరుకోదు, పిల్లల్ని పెడుతుంది. చూలు మూడు వారాలే. వానలకి గింజ మొలకెత్తగానే అడవిలో తిండి అయిపోతుంది. దండంతా చేలల్లోకి దిగుతుంది. వెదురు మేత పోయిన ఏనుగులు వేరే చోటు వెతుక్కుంటాయి. ఎండిన బొంగులకి ఒక్క నిప్పురవ్వ చాలు.

మిజోరంలో దీన్ని 'మౌతామ్' అంటారు. అక్కడి మౌటక్ వెదురు సుమారు 48 ఏళ్లకోసారి పూస్తుంది. 1958లో, అది అస్సాంలో ఒక జిల్లాగా ఉన్నప్పుడు, పెద్దలు లెక్కేసి కరువు వస్తోందన్నారు. జిల్లా కౌన్సిల్ 15 లక్షల రూపాయలు అడిగింది. మూఢనమ్మకమని ప్రభుత్వం కొట్టిపారేసింది. 1959లో ఎలుకలు వచ్చాయి, వెనకే ఆకలి వచ్చింది. కరువు సాయం కోసం లాల్‌డెంగా పెట్టిన సంస్థే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 1966లో తిరుగుబాటు, 1986లో గానీ ఒప్పందం కుదరలేదు. మళ్లీ పూత వచ్చిన 2006-08 నాటికి ప్రభుత్వం ముందే సిద్ధపడింది. ఎలుక తోక తెస్తే డబ్బులిచ్చింది, అల్లం, పసుపు వేసుకోమంది. పంట పోయింది గానీ 1959 తిరిగి రాలేదు.

మనకి కొండా లేదు, వెదురు అడవీ లేదు, మనకెందుకు అంటారా? మిజోరంలో చేలు తిన్నది ముఖ్యంగా నల్ల ఎలుక. మన కొబ్బరి చెట్టెక్కి బొండాలకి కన్నం పెట్టేది కూడా ఆ జాతే. అక్కడ 48 ఏళ్లకోసారి దొరికే విందు ఇక్కడ ఏడాది పొడవునా చెట్టుకే వేలాడుతుంది. కింద వరిచేలో ఇంకో రకం ఎలుక గట్టులో కన్నం తవ్వుకుని కంకులు దాచుకుంటుంది.

చెట్టు మొదలుకి రేకు చుడతాం. మంచిదే. కానీ పక్క చెట్టు మట్ట తగులుతుంటే ఎలుక పైనుంచే దాటేస్తుంది. చేలోనూ అంతే. ఒక్క రైతు మందు పెడితే పక్క గట్టు నుంచి కొత్తవి దిగుతాయి. అందుకే సీజన్ మొదట్లోనే, చేలో తిండి తక్కువగా ఉన్నప్పుడే, ఊరంతా కలిసి ఒకేసారి ఎర పెట్టాలంటారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. మనం మాత్రం వరి పొట్ట మీదకొచ్చి, దుబ్బులు కొరికేశాక పరుగెడతాం. చేలో అంత తిండి ఉంటే ఎరని ఏ ఎలుక ముట్టుకుంటుంది? పైగా మందు తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే, రోజూ ఫ్రీగా వేటాడిపెట్టేది కూడా పోతుంది.

తినేవాళ్ల నుంచి గింజ కాపాడుకోడానికి వెదురు వాడే ఉపాయం ఒక్కటే: అందరూ కలిసి, ఒకే టైముకి. ఊడ్పులకి ముందు ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నని ఒక్క మాట అడగండి. మన గట్టు సంగతి సరే, పక్క గట్టు వాళ్లతో మాట్లాడారా?