టెన్షన్ అని తేల్చేసే ముందు

కన్ను అదిరితే ఇంట్లో శకునం చూస్తారు. హాస్టల్లో అయితే 'నిద్ర లేదు, కాఫీ ఎక్కువైంది' అంటారు. చాలాసార్లు హాస్టల్ మాటే కరెక్ట్, దానికి కంగారు పడక్కర్లేదు. నేను చెప్పేది వేరే అదురు గురించి. నిద్రపోయినా, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చినా ఆగనిది.

దాని పేరు ఐజాక్స్ సిండ్రోమ్. 1961లో దక్షిణాఫ్రికా డాక్టర్ ఐజాక్స్ దీన్ని వివరించాడు. నరం సిగ్నల్ పంపాక పొటాషియం చానెళ్ళు దాన్ని మళ్ళీ శాంతపరుస్తాయి. ఈ జబ్బు ఉన్న కొందరిలో సొంత ఇమ్యూనిటీయే ఆ చానెళ్ళని పట్టి ఉంచే ప్రోటీన్ మీద పడుతుంది. ఇంక నరం ఆగదు. మన సీఎస్ఈ భాషలో, బ్రేక్ లేని లూప్.

చర్మం కింద పురుగులు పాకినట్టు కండరాలు కదులుతుంటే న్యూరాలజిస్ట్ పట్టేస్తారు. అలా కనిపించనప్పుడే చిక్కు. ఒకరికి నొప్పే పెద్ద బాధ. ఒకరు పిడికిలి బిగిస్తే వెంటనే విప్పలేరు. ఇంకొకరికి వారాల తరబడి నిద్ర ఉండదు, ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, లేని మనుషులు కనిపిస్తారు. ఈ చివరి రకాన్ని ఫ్రాన్స్‌లో మోర్వాన్ అనే డాక్టర్ 1890లోనే రాశాడు.

నిద్ర లేదు, దడ, చెమటలు అంటే మన దగ్గర మొదట వచ్చే మాట 'టెన్షన్'. కొన్ని ఊళ్ళలో 'గాలి సోకింది'. యాంగ్జైటీ కూడా నిజమైన జబ్బే, అందులో డౌట్ లేదు. కానీ అది పరీక్షించి తేల్చాల్సిన పేరు. ఒక్క ఇఫ్ కూడా చూడకుండా ఎల్స్‌లో పడేసేది కాదు.

ఓపీలో వంద మంది ఉంటే ఇంత అరుదైనదాన్ని ఎవరు వెతుకుతారు అంటారా? న్యాయమే. కానీ చొక్కా తీయించి రెండు నిమిషాలు కండరాల్ని చూడటానికీ, నిద్రలో కూడా కదులుతోందా అని ఇంట్లోవాళ్ళని అడగడానికీ ఖర్చేం లేదు. అనుమానం వస్తే అప్పుడు ఈఎంజీ, రక్తపరీక్ష. ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్ లాంటి మందులతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. పైగా కొందరిలో దీని వెనక ఛాతీలో థైమస్ గడ్డ ఉంటుంది. టెన్షన్ మాత్రలతో ఇంటికి పంపిస్తే ఆ గడ్డ కూడా లోపలే ఉండిపోతుంది.

ఇంకోటి. పాదరసం కలిసిన నాటుమందులు వాడినవాళ్ళలో కూడా ఇలాంటి లక్షణాలు మన దేశంలో డాక్టర్లు చూశారు. కాబట్టి ఏమేం వాడుతున్నారని అడిగితే ఆ పొడి పొట్లం సంగతి కూడా చెప్పమనండి.