రిపోర్టు చేతికిచ్చారు సరే... అర్థం ఎవరు చెప్తారు?

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా కాస్త ఘాటుగా ఉంటుంది. బిడ్డకి క్యాన్సర్ అని తెలిసి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న తల్లిదండ్రుల చేత "జెనెటిక్ టెస్ట్" చేయించి, పేజీలకి పేజీలు ఇంగ్లీషు ఉన్న పీడీఎఫ్ ఒకటి వాళ్ళ ఫోనుకి పంపేసి, అక్కడితో పనైపోయిందనుకునే పద్ధతి మీద నా కోపం. ఫలానా ఆసుపత్రి, ఫలానా ల్యాబు అని కాదు, ఆ పద్ధతి మీదే.

మాది సాలూరు. 2022 దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. లారీలకి పేరున్న ఊరు. పెద్ద జబ్బు ఏదొచ్చినా వంద కిలోమీటర్లు దాటి విశాఖ పోవాలి, అక్కడా కాకపోతే హైదరాబాదు. అక్కణ్ణుంచి వచ్చే ఇలాంటి రిపోర్టులు చివరికి చేరేది ఎక్కడికో తెలుసా? మన వాట్సాప్‌కి! "బావూ, నువ్వు సాఫ్ట్‌వేరు కదా, ఇందులో ఏటి రాసుందో కాస్త సూసి సెప్పు." మీలో చాలామందికి ఇలాంటి మెసేజ్ వచ్చే ఉంటుంది. మనమేం చేస్తాం? గూగుల్ చేస్తాం. ఈమధ్యయితే ఏఐకి పేస్ట్ చేసి, అదిచ్చిన నాలుగు ముక్కలు ఫార్వర్డ్ చేస్తాం. జావా వచ్చినవాడికి జన్యుశాస్త్రం కూడా వచ్చేస్తుందని ఎవరు చెప్పారండీ?

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెటినోబ్లాస్టోమా అని, చిన్నపిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్. ఎక్కువగా ఐదేళ్ళలోపు పిల్లలకే వస్తుంది. ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే కంటిపాప తెల్లగా మెరుస్తుంది, చాలా ఇళ్ళలో మొదట కనిపెట్టేది అలాగే. తొందరగా పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది, చాలాసార్లు కన్ను కూడా నిలుస్తుంది. హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల దీనికి మంచి వైద్యం ఉంది.

ఇది దాదాపు ఎప్పుడూ ఆర్‌బీ1 అనే జన్యువు చెడిపోవడం వల్ల వస్తుంది. ప్రతి కణంలో ఆ జన్యువు రెండు కాపీలుంటాయి (ఒకటి పోయినా ఇంకోటి బ్యాకప్ అన్నమాట). రెండూ పోతేనే గడ్డ. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికా డాక్టరు 48 కేసులు లెక్కగట్టి ఈ సంగతి ఊహించాడు. జన్యువు 1986లో దొరికింది. కొందరు పిల్లలకి ఒక కాపీ పుట్టుకతోనే ఒళ్ళంతా చెడిపోయి ఉంటుంది. మిగతావాళ్ళకి కంట్లో ఒక్క కణంలోనే రెండూ చెడిపోతాయి. వీటిలో ఏదో తేల్చడానికే రక్తపరీక్ష.

ఈ తేడా మా ఊరి రైతుకి చెప్పడం కష్టమా? "తెగులు విత్తనంలోనే ఉందా, మొక్క ఎదిగాక ఒక్క కొమ్మకే తగిలిందా?" అంతే కదా! విత్తనంలోనే ఉంటే రెండో కన్ను జాగ్రత్తగా చూపించుకుంటూ ఉండాలి. పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ లాంటివి వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి జీవితాంతం కనిపెట్టుకోవాలి. రేడియేషన్ ఆ ముప్పుని పెంచుతుంది కాబట్టి వీలైనంత తప్పించాలి. రేపు ఆ బిడ్డకి పుట్టే ఒక్కొక్క బిడ్డకీ ఆ చెడిపోయిన కాపీ వెళ్ళే అవకాశం సగానికి సగం. ఒక్క కొమ్మకే అయితే ఇందులో చాలా భయాలు తీరిపోతాయి. "వాళ్ళకి చెప్పినా అర్థం కాదండీ" అనేవాళ్ళతో నా పేచీ ఇక్కడే. ఇంజను శబ్దం విని ఏ పార్టు పోయిందో చెప్పేవాళ్ళున్న ఊరు మాది. వాళ్ళకి అర్థం కాకపోవడం ఏమిటి, చెప్పేవాళ్ళకి చెప్పడం రాలేదు.

సరే, చెప్పకపోతే ఏమవుతుంది? డాక్టరు వదిలేసిన ఖాళీలో ఊరి మాటలొచ్చి కూర్చుంటాయి.

మొదటిది, తల్లి మీద నింద. కడుపుతో ఉండగా గ్రహణం నాడు బయటికొచ్చిందంటారు. లేదా, "మేనరికం చేసుకున్నారు, అనుభవిస్తున్నారు" అంటారు. మేనరికంలో ఎక్కువయ్యే జబ్బులున్నాయి, కాదనను. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చెడ్డ కాపీలు కలిస్తే వచ్చేవి అవి. ఇది ఆ రకం కాదు. దీనికి ఒక్క చెడ్డ కాపీతో పుడితే చాలు, అది కూడా చాలాసార్లు అమ్మలోనూ నాన్నలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా మొదలవుతుంది. ఈ ఒక్క మాట ఎవరైనా తెలుగులో, అత్తమామల ఎదురుగా చెప్తే కొన్ని కాపురాలు నిలబడతాయి. సీరియస్‌గానే అంటున్నా.

రెండోది, "మా వంశంలో ఎవరికీ లేదు, కాబట్టి పుట్టుకతో వచ్చింది కాదు" అనే ధీమా. తప్పు. రెండు కళ్ళకీ వచ్చిందంటే దాదాపు ఖాయంగా పుట్టుకతో వచ్చిన మార్పే. ఒక కంటికే వచ్చినా నూటికి పదిహేను మందిలో అది ఉంటుంది.

మూడోది, రిపోర్టులో కనబడే "వీయూఎస్" అనే ముక్క. మార్పు కనబడింది గానీ అది హాని చేసేదో కాదో ఇప్పటికి తెలీదు అని దాని అర్థం. అమెరికా నిపుణుల సంఘాలు 2015లో ఇచ్చిన ఐదు మెట్ల పద్ధతిలో ఇది నడిమెట్టు. లాగ్‌లో వార్నింగ్ కనబడితే సర్వర్ కాలిపోయిందని ఏడుస్తామా? కానీ ఇంట్లోవాళ్ళకి అది "జబ్బుంది" అన్నట్టే కనబడుతుంది.

అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఆ ఇంట్లో రెండో బిడ్డ. అన్నకి ఈ జబ్బుంటే, తర్వాత పుట్టిన పసివాడికి మళ్ళీ మళ్ళీ కళ్ళు పరీక్ష చేయించాలి, చాలాసార్లు మత్తిచ్చి మరీ. అన్న రక్తంలో ఏ మార్పుందో దొరికి, అది తమ్ముడిలో లేదని తేలితే ఈ తిప్పలన్నీ తప్పుతాయి. ఉందని తేలితే గడ్డ చిన్న చుక్కలా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. అమ్మానాన్నల రక్తంలో దొరకలేదు కదా అని తమ్ముణ్ణి వదిలేయకూడదు, అండంలోనో వీర్యకణంలోనో దాగి ఉండే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఇదంతా పీడీఎఫ్‌లో ఉంటుంది. చదివి చెప్పే దిక్కు లేక ఒక పసిబిడ్డ కన్ను పోతే ఆ తప్పు ఎవరిది?

"డాక్టర్లకి టైమెక్కడిది?" అంటారు. నిజమే, ఓపీలో తిరనాళ్ళలా జనం. అందుకే కదా జెనెటిక్ కౌన్సెలర్ అనే ఉద్యోగం ఉన్నది! హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది. సాలూరు నుంచి అంత దూరం ఎలా అంటారా? మనం మూడు దేశాల వాళ్ళతో రోజూ వీడియోలో స్టాండప్ చేస్తున్నాం, ఒక తల్లితో అరగంట మాట్లాడించలేమా? "చెప్తే భయపడతారు" అంటారు. ఇప్పుడేదో నిశ్చింతగా ఉన్నట్టు!

గర్భిణులకి చేసే పరీక్షల విషయంలో 1994 చట్టం స్పష్టంగానే ఉంది, ఆమెకి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలని. కడుపులో ఉన్న బిడ్డ విషయంలో ఇచ్చిన ఆ మర్యాద, పుట్టి క్యాన్సర్‌తో పోరాడుతున్న బిడ్డ విషయంలో ఎందుకివ్వరు?

నేనడిగేది పెద్ద పనేం కాదు.

1. రక్తం తీయకముందే అరగంట, తల్లితోనూ తండ్రితోనూ, తెలుగులో మాట్లాడాలి. పరీక్ష వద్దనుకున్నా వైద్యం ఆగదని కూడా చెప్పాలి.

2. రిపోర్టుకి ముందు ఒక్క పేజీ తెలుగులో ఉండాలి. ఏం దొరికింది? వైద్యంలో ఏం మారుతుంది? ఇంట్లో ఇంకెవరికి చేయించాలి? ఏది ఇంకా తేలలేదు? అనుమానమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

3. ఆ పేజీ ఒక మనిషి చదివి వినిపించాలి. గిరిజన గూడేల నుంచి వచ్చేవాళ్ళకి తెలుగు కూడా రెండో భాషే కావచ్చు, ఆ సంగతీ చూడాలి.

ఇక మన సంగతి. పీడీఎఫ్ వచ్చినప్పుడు దయచేసి తీర్పులు చెప్పకండి. పైన రాసిన ఐదు ప్రశ్నలూ తెలుగులో రాసి పంపండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఫోన్ స్పీకర్లో పెట్టించి పక్కనుండండి. జవాబు అర్థమయ్యేదాకా మళ్ళీ అడగమని ధైర్యం చెప్పండి. ఇంగ్లీషొచ్చినందుకు మనం చేయగలిగిన సాయం ఇదే.

యూజర్ మాన్యువల్ లేకుండా ప్రాజెక్ట్ డెలివరీ చేస్తే మన క్లయింటు ఒప్పుకుంటాడా? సాలూరు తల్లి మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?