రెండో ఏడు దాటకముందే

కర్ణాటకను ఆనుకున్న అమరాపురం మండలంలో ఇంట మాట్లాడేది తెలుగైనా కన్నడమైనా, బిడ్డకు జబ్బు ముదిరితే ఎక్కేది బెంగళూరు బస్సే. సరిహద్దు పల్లెల ఈ అలవాటుకు 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం అడ్డు చెప్పదు. రోగి తనకు దగ్గర్లోని సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు వెళ్లవచ్చునంటుంది. తొలి ఎనిమిది కేంద్రాల్లో ఒకటి బెంగళూరులోనే ఉంది. అక్కడ సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ కలిసి పనిచేస్తాయి. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి మరొకటి. ఆ విధానం కింద చికిత్సకిచ్చే సాయం పరిమితి 2022లో రూ.50 లక్షలకు పెరిగింది.

ఇంత ఉన్నా, ఆ విధానంలోని ఒక చిన్న షరతు దగ్గరే చాలామంది పిల్లలకు తలుపు మూసుకుపోతుంది. మ్యూకోపాలిశాకరైడోసిస్ మొదటి రకం తీవ్రరూపానికి మూలకణ మార్పిడి చేయాలంటే బిడ్డ తొలి రెండేళ్లలో ఉండాలి. ఆ తీవ్రరూపాన్నే హర్లర్ వ్యాధి అంటారు.

షరతు గుమాస్తాలు పెట్టింది కాదు, మెదడు పెట్టింది. ఒక ఎంజైమ్ లేక, కణాల్లో విరిగిపోవాల్సిన చక్కెర గొలుసులు అలాగే పేరుకుపోయి మెదడునూ దెబ్బతీస్తాయి. ఆరోగ్యవంతుల కణాలు వదిలిన పదార్థం రోగి కణాల లోపాన్ని సరిదిద్దుతుందని 1968లో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం చూపింది; అది ఎంజైమేనని తర్వాత తేలింది. లండన్‌లో హాబ్స్ బృందం హర్లర్ బిడ్డకు ఎముక మజ్జ మార్పిడి చేసి, ఫలితాన్ని 1981లో ప్రకటించింది. దాత మజ్జ నుంచి పుట్టిన కణాలు కొన్ని మెదడులో చేరి అక్కడే ఎంజైమ్ తయారుచేస్తాయి. సిరలోకి ఎక్కించే ఎంజైమ్ మందు అంతదూరం పోలేదు. అయితే ఆ కణాలు చేరి కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా పోయిన తెలివి తిరిగి రాదు. ఎముకల వంకర, గుండె కవాటాల చేటు ఎంత తొందరపడినా పూర్తిగా తగ్గవు.

ఇక ఈ జబ్బు వెనకుండే మేనరికం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే జరుగుతాయి. భార్యాభర్తలిద్దరిలో ఒకే లోపపు జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. రక్తసంబంధీకుల్లో అలా దాగి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టే మేనరికాన్ని తిడతాం, సబబే. కానీ దాత కోసం వెతికేటప్పుడు అదే మేనరికం కొంత ఆసరా అవుతుంది. తోడబుట్టిన ఒక్కొక్కరు జబ్బు లేకుండా, మార్పిడికి కలవాల్సిన కణజాల గుర్తులు (హెచ్‌ఎల్‌ఏ) కూడా పూర్తిగా కలిసి ఉండే అవకాశం 16లో 3 మాత్రమే. దగ్గరి సంబంధాలున్న కుటుంబాల్లోనైతే తల్లో తండ్రో మేనత్త పిల్లలో సరిపోయే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. ఇక్కడా ఒక మెలిక ఉంది. లోపపు జన్యువు ఒకటి మోస్తున్న దాత మజ్జ నుంచి వచ్చే ఎంజైమ్ సగమే. అందుకే దొరికితే, ఆ జన్యువు లేని దాతనే వైద్యులు ఎంచుకుంటారు.

దాత దొరికినా, డబ్బు మంజూరైనా, ముందు జబ్బు పేరు తెలియాలి కదా. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. తర్వాత బొడ్డు దగ్గరో గజ్జల్లోనో హెర్నియా, ఆగకుండా కారే ముక్కు, మాటిమాటికీ చెవిపోటు, నిద్రలో గురక, కూర్చోబెడితే నడుము దగ్గర చిన్న గూని. ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క డాక్టరు చూసి మందిచ్చి పంపేస్తారు. అన్నీ ఒకే బిడ్డలో ఎందుకున్నాయని అడిగేవాళ్లు కరువు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. అంటే గడువు ముగిసేలోగా ఒక బిడ్డ వాళ్ల కంట పడేది మూడు, నాలుగు సార్లే. వాళ్లు వెతకాల్సిన 30 ఆరోగ్య సమస్యల్లో ఈ జబ్బు పేరు లేదు.

నన్నడిగితే, రూ.50 లక్షల పరిమితిని ఇంకా పెంచమనడం కన్నా ముందు అడగాల్సింది ఇదే: సరిహద్దు మండలాల్లో తిరిగే బృందాల దగ్గర రక్తపు చుక్కలు ఆరబెట్టే ఫిల్టర్ కాగితపు కార్డులు ఉండాలి. హెర్నియా, గూని కలిసి కనిపించిన బిడ్డ నుంచి నాలుగు రక్తపు చుక్కలు తీసి ఆరనిస్తే, ఎంజైమ్ పరీక్షకు కార్డు పోస్టులో వెళ్తుంది. జబ్బు ఉందని తేలితే తల్లికి మరో కాన్పు వచ్చినప్పుడు 11వ వారం నుంచే గర్భస్థ పరీక్ష చేయించుకునే వీలుంటుంది. ఇంకో చిక్కూ ఉంది. మార్పిడికి వెళ్లే కుటుంబం నెలల తరబడి బెంగళూరులో గది అద్దెకు తీసుకుని, కూలి మానుకుని ఉండాలి. చికిత్సకిచ్చే సొమ్ము ఆసుపత్రికి చేరుతుంది, గది అద్దెకు కాదు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో జిల్లా యంత్రాంగం ఇంకా తేల్చాల్సే ఉంది.