ఇంటి పద్దు: మగడిచ్చిన సొమ్ము



మా కంచరపాలెమున పొరుగింటి పిన్నిగారు మొన్న నొక కాగితము చేతబట్టుకొని మాయింటికి వచ్చిరి. బాబాయిగారు రేవులో పనిచేసి విరమించినవారు. అప్పుడు వచ్చిన సొమ్ములో అయిదు లక్షలు భార్యపేర బ్యాంకులో వేసిరి. ఆమెకు వేరాదాయము లేదు గనుక వడ్డీకి పన్నుండదని యిరువురును నిశ్చింతగా నుండిరి. ఇప్పుడా వడ్డీని భర్త లెక్కలో చూపవలెనని తాఖీదు వచ్చినది. "అయితే యీ సొమ్ము నాది కాదా, అమ్మాయీ?" అని పిన్నిగారు కన్నీరు పెట్టుకొనిరి.

సొమ్ము ముమ్మాటికి నామెదే. మనువు చెప్పిన ఆఱువిధముల స్త్రీధనములలో ప్రీతితో నొసగినదియు నొకటి. స్త్రీధనముపై భార్యకే పూర్ణస్వత్వమని 1985లో సుప్రీముకోర్టును తీర్పు చెప్పినది. చిక్కంతయు పన్నులోనే యున్నది.

1958 నాటి చట్టముచొప్పున దానము చేసినవారు దానపు పన్ను కట్టుచుండిరి. 1998 అక్టోబరు 1 నుండి అది పోయినది. నేడు పరులవలన ఏటికి 50,000 రూపాయలు మించి పుచ్చుకొన్నచో పుచ్చుకొన్నవారికి పన్ను. ఆలుమగలకు పరిమితియే లేదు. కాని ఆ సొమ్ము పండించిన వడ్డీ ఇచ్చినవారి ఆదాయమున కలియును. మామగారు కోడలికిచ్చినను అంతే. 2025లో శాసనమైన క్రొత్త చట్టమునను ఈ నియమము మాఱలేదు.

అందుచే పిన్నిగారికి మేము చెప్పినదేమనగా: వచ్చిన వడ్డీని అసలుతో కలుపక, తన పేర వేఱొక ఖాతాలో వేసికొనవలెను. ఆ వడ్డీపై వచ్చు వడ్డీ పన్నులెక్కకును ఆమెదే. రెండును కలిసినచో పాలు నీరు వేఱుచేయ హంసయే రావలెను! పి.పి.ఎఫ్.లో వేసినచో వడ్డీకి పన్నే లేదు. ఏటికి లక్షన్నర మించరాదు, పదునైదేండ్లాగవలెను. "అంతవఱకు నేనుందునా?" అని పిన్నిగారు నవ్విరి. దానముగా గాక అప్పుగా నిచ్చి తగిన వడ్డీ పుచ్చుకొన్నను వడ్డీ కలుపనక్కరలేదు. ఈమాట విని మా పంతులుగారు, "నీకు నేనప్పిచ్చిన వసూలగునా?" అని పరిహసించిరి.

రెండు లక్షలు గాని, అంతకు మించి గాని మగనియొద్దనైనను రొక్కముగా పుచ్చుకొనరాదు, చెక్కుద్వారా రావలెను. ఇచ్చితినని భర్తచే నొక చీటి వ్రాయించి దాచుకొనుట మేలు.

బాబాయిగారు వడ్డీ తమ లెక్కలో చూపుటకు సమ్మతించిరి. పిన్నిగారు సోమవారమే క్రొత్త ఖాతా తెఱచిరి. అందు నామినీగా నెవరిని వ్రాసిరో మాత్రము ఆయనకింకను చెప్పలేదట.