డ్రైవరు దొరకని ల్యాప్‌టాప్‌కు దిక్కెవరు?

(మా గ్రామీణ విలేఖరి)

మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో ఒకే ప్రశ్న ఈ విలేఖరిని పది రోజులపాటు వెంటాడింది. టీ కొట్టు దగ్గర, చెరువు కట్ట మీద, చివరకు పెళ్లి పందిట్లో కూడా అదే మాట. "ఏందబ్బాయ్, డ్రైవరు దొరికాడా?" అని. వరుసకు బాబాయి అయ్యే ఒక పెద్దాయన మరీ జాలిపడి, "మా ట్రాక్టరు డ్రైవరు ఈ వారం ఖాళీగానే ఉంటాడు, కావాలంటే పంపిస్తా" అన్నాడు. మనకు కావలసిన డ్రైవరు స్టీరింగు పట్టేవాడు కాదని ఆయనకు నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. అది మనిషి కాదు, కంప్యూటరులో ఉండే ఒక చిన్న ఫైలు. అది లేకపోవడం వల్ల మా ఊరి పది మంది రైతుల కాటా మూగబోయింది. చూడడానికి చిన్న సంగతే గానీ, దీని వెనక రైతు నష్టం ఉంది గనుక నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

మా ఊళ్లో కొందరు రైతులు తలా కాస్త వేసుకుని సొంతంగా ఒక ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కున్నారు. దానికి వెనుక తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు ఉంది. అక్కడి నుంచి ఒక తీగ పాత ల్యాప్‌టాప్‌కు వెళ్తుంది. టిక్కీ కాటా మీద పెట్టగానే తూకం ల్యాప్‌టాప్‌లోకి ఎక్కి, తేదీతో సహా చీటీ అచ్చవుతుంది. ఒకటి రైతు దగ్గర, ఒకటి కొన్నవారి దగ్గర. ఈ ఏర్పాటు దేనికో మిర్చి పండించిన వారికి వేరే చెప్పనక్కర్లేదు. తూకం చేత్తో రాసుకున్నప్పుడు, "కిలో అటూ ఇటూ అయితే ఏముందిలే" అనే మాట ఎప్పుడూ రైతు వైపు నుంచి రాదు. టిక్కీకి ఒక్క కిలో తేడా వస్తే వంద టిక్కీలకు క్వింటాలు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద నిర్ణయించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అంటే ఆ చీటీ లేకపోతే ఒక్క రైతు ఒక్క లోడు మీద అంత సొమ్ము మాటల్లో పోగొట్టుకుంటాడన్న మాట. కాగితం ఉన్న చోట మాట పెరగదు.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. అది చాలా ఏళ్ల నాటిది, సెకండ్ హ్యాండులో కొన్నది. దానికి సీరియల్ పోర్టు లేదు. కానీ పక్కన పలక ముక్క దూరేంత సన్నని చీలిక ఉంది. దీన్నే స్లాటు అంటారు. (స్లాటు అనగానే 2025లో పత్తి అమ్మకానికి సీసీఐ వారు పెట్టిన కపాస్ కిసాన్ యాప్ స్లాటు అనుకునేరు. అది వేరే బాధ, దాన్ని గురించి ఇంకోసారి.) ల్యాప్‌టాప్‌కు లేని సౌకర్యాన్ని ఒక కార్డు రూపంలో ఇందులో తగిలించుకోవచ్చు. 1989లో అమెరికాలో కొన్ని కంపెనీలు పీసీఎంసీఐఏ అనే సంఘంగా ఏర్పడి ఇలాంటి కార్డులకు ఒక కొలత ఖాయం చేశాయి. 2003లో అంతకన్నా చిన్నదైన ఎక్స్‌ప్రెస్ కార్డు వచ్చింది. వెడల్పు 34 మిల్లీమీటర్లు గానీ 54 మిల్లీమీటర్లు గానీ ఉంటుంది. ఒకప్పుడు ఊళ్లలో ఇంటర్నెట్ కోసం చాలామంది డేటా కార్డులు పెట్టుకున్నది ఇలాంటి చీలికల్లోనే. యూఎస్‌బీ బలపడ్డాక ఈ చీలికలు కొత్త ల్యాప్‌టాప్‌లలోంచి మాయమయ్యాయి. మా కాటా తీగ తగిలించే సీరియల్ కార్డు ఈ ఎక్స్‌ప్రెస్ కార్డు రకానిదే.

ఈ ఏడాది సీజను మొదట్లో ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. కొత్తది వేసి విండోస్ 7 మళ్లీ ఎక్కించాం. కాటా లెక్కల ప్రోగ్రాము కూడా ఎక్కింది. కార్డు మాత్రం పని చేయలేదు. కార్డుతో పాటు వచ్చిన సీడీలో దాని డ్రైవరు ఉండాలి. వెతకగా వెతకగా తెలిసిందేమిటంటే, ఆ సీడీని పిల్లలు జొన్న చేలో పిట్టలు వాలకుండా దారం కట్టి వేలాడదీశారు. ఒక సీజనంతా ఎండకు మెరిసి, పొర లేచి, అద్దం ముక్కలా తయారైంది. పిట్టల్ని మాత్రం బాగానే తోలిందట.

ఇక అక్కడి నుంచి తిప్పలు మొదలు. ల్యాప్‌టాప్ తయారుచేసిన పేరున్న కంపెనీ వెబ్‌సైటులో మా మోడలు పేజీయే ఎత్తేశారు. సెల్‌ఫోనులో డ్రైవరు పేరు కొట్టి వెతికితే పదుల కొద్దీ సైట్లు "మా దగ్గర ఉంది, ఇదిగో తీసుకో" అంటూ ముందుకొచ్చాయి. ఒకదాన్ని నమ్మి దింపితే అది డ్రైవరు కాదు, "మీ కంప్యూటరులో 38 లోపాలున్నాయి, డబ్బు కడితే బాగుచేస్తాం" అనే బెదిరింపు ప్రోగ్రాము. నకిలీ విత్తనాల సంచి మీద కూడా బొమ్మ అందంగానే ఉంటుంది. మొలిచాక గానీ, మొలిచినా కాయ పట్టనప్పుడు గానీ రంగు బయటపడదు. ఈ సైట్లదీ అదే దారి.

యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ ఒకటి చవకగా దొరికితే అదీ ప్రయత్నించాం. అందులో చిప్పు నకిలీదట, విండోస్ దానిని ఒప్పుకోలేదు. ఈ నకిలీ చిప్పుల గొడవ ప్రపంచమంతటా ఉన్నదే. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ అనే చిప్పుల కంపెనీ విండోస్ అప్‌డేట్ ద్వారా పంపిన డ్రైవరు, తన పేరుతో చెలామణి అవుతున్న నకిలీ చిప్పులను కనిపెట్టి వాటి గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది. రాత్రికి రాత్రి ఎందరివో పరికరాలు పనికిరాకుండా పోయాయి. గగ్గోలు పుట్టాక ఆ డ్రైవరును వెనక్కు తీసుకున్నారు. నకిలీని అరికట్టవలసిందే, కాదనము. అయితే నకిలీ విత్తనం అమ్మినవాణ్ణి వదిలేసి, తెలియక కొని వేసిన రైతు చేను దున్నేయడం ఏ న్యాయం?

గుంటూరులో ఒక రిపేరు దుకాణానికి పట్టుకెళ్లాను. అతను కార్డు పెట్టి తీసి, స్క్రీను మీద "బేస్ సిస్టమ్ డివైస్" అని పసుపు గుర్తుతో కనిపిస్తున్న దానిని చూపించి, "స్లాటే పోయిందన్నా, బోర్డు మార్చాలి, ఆరు వేలవుద్ది" అన్నాడు. ఆరు వేలంటే ఆ ల్యాప్‌టాప్ ఖరీదుకు దగ్గర దగ్గర. బస్సులో తిరిగొస్తూ, కాటాకు ఇంక దండ వేసి మూల పెట్టవలసిందేనా అనుకున్నాను.

నిజానికి స్లాటు పోలేదు. ఇంజినీరింగు చదివే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి ఉండడం మా అదృష్టం. "మామయ్యా, మీరు లేని డ్రైవరు కోసం వెతుకుతున్నారు" అన్నాడు. ఎక్స్‌ప్రెస్ కార్డు స్లాటుకు ప్రత్యేకంగా డ్రైవరంటూ ఉండదట. అది ల్యాప్‌టాప్ లోపలి పీసీఐ ఎక్స్‌ప్రెస్, యూఎస్‌బీ మార్గాలను బయటకు తెచ్చి పెట్టిన గుమ్మం మాత్రమే. గుమ్మానికి డ్రైవరు అక్కర్లేదు, గుమ్మంలోంచి వచ్చే చుట్టానికి కావాలి. అంటే డ్రైవరు వెతకవలసింది స్లాటుకు కాదు, కార్డుకు. అంతకన్నా పాతదైన పీసీఎంసీఐఏ స్లాటుకైతే లోపల ఒక కంట్రోలరు ఉంటుంది గానీ, మామూలుగా దాని డ్రైవరు విండోస్‌లోనే ఉంటుందట. మరి ఆ పసుపు గుర్తు? అది స్లాటు పక్కనే ఉన్న కెమెరా కార్డులు పెట్టే రంధ్రానిది! దాని సంఖ్య 1180తో మొదలైంది, అంటే రికో కంపెనీ చిప్పు. మా కాటాకూ దానికీ సంబంధమే లేదు. దాన్ని బాగుచేద్దామని మేము మూడు రోజులు తగలేశాం.

ఈ సంఖ్యల సంగతి మన రైతులు తెలుసుకుని తీరాలి. ఎందుకంటే ఇది విత్తనం సంచి మీద లాట్ నంబరు వంటిది. డివైస్ మేనేజరులో పసుపు గుర్తు ఉన్న దాని మీద కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్‌లో, డీటెయిల్స్‌లో, హార్డ్‌వేర్ ఐడీస్ అని చూస్తే ఒక పొడుగాటి వరస వస్తుంది. "వెన్" తర్వాతి నాలుగు గుర్తులు చిప్పు తయారుచేసిన కంపెనీవి, "డెవ్" తర్వాతి నాలుగు ఆ చిప్పువి. 8086 అంటే ఇంటెల్. 104సి అంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. 1217 అంటే ఓటూ మైక్రో. కార్డు పెట్టె మీద ఏ పేరైనా అచ్చువేసి ఉండవచ్చు గాక, ఈ సంఖ్య అబద్ధమాడడం అరుదు. మైక్రోసాఫ్ట్ వారి అప్‌డేట్ కాటలాగ్ సైటులో ఈ వరసే కొట్టి డ్రైవరు వెతకవచ్చు.

మా కార్డు మాత్రం ఆ జాబితాలో ముందు కనిపించనే లేదు. అప్పుడు మేనల్లుడు పెన్‌డ్రైవులో లైనక్స్ వేసుకొచ్చి, ల్యాప్‌టాప్ ఆర్పి, కార్డు ముందే తగిలించి, ఆ తర్వాత మీట నొక్కాడు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని నడుస్తుండగా కార్డు పెడితే గుర్తించవు, పెట్టి లేపితే గుర్తిస్తాయి. లైనక్స్ లేచింది. ఏదో ఆదేశం కొట్టాడు. కార్డు పేరు కనపడింది. లైనక్స్‌లో ఇలాంటి పాత చిప్పుల డ్రైవర్లు చాలా వరకు లోపలే ఉంటాయట. డబ్బు కట్టే పని లేదు, హార్డ్ డిస్కును ముట్టుకోదు. ఆరు వేలు పోసి బోర్డు మార్చే ముందు ఎవరైనా చేసి చూడదగిన పరీక్ష ఇది.

ఆ తెర మీద కనిపించిన సంఖ్య 9710. ఆ కంపెనీ ఏదో తెలిసినప్పుడు మాత్రం నిజంగా ఆశ్చర్యపోయాను. మాస్‌చిప్. ఎక్కడి అమెరికాదో, చైనాదో అనుకుంటే, 1999లో మన హైదరాబాదులో పుట్టిన కంపెనీ. సీరియల్, ప్యారలల్ పోర్టుల చిప్పులు రూపొందించి ప్రపంచమంతా అమ్మిన సంస్థ. ఈ చిప్పుల వ్యాపారం తర్వాత తైవానుకు చెందిన ఆసిక్స్ కంపెనీ చేతికి వెళ్లింది. డ్రైవర్లు కూడా ఆ ఇంటికే కాపురానికి వెళ్లాయి. హైదరాబాదులో పుట్టిన చిప్పు డ్రైవరు కోసం నల్లరేగడి నేలలోని మా ఊరి నుంచి తైవాను గుమ్మం తొక్కవలసి వచ్చింది. ఒకటి చెప్పాలి, తైవాను వారు ఆ పాత డ్రైవరును పారెయ్యలేదు, పైసా అడగకుండా ఇచ్చారు. అమ్ముడైన సరుకును కంపెనీ మారినా నిలబెట్టుకోవచ్చుననడానికి ఇదే రుజువు.

డ్రైవరు ఎక్కాక కూడా తూకం రాలేదు. మళ్లీ గుండె జారింది. తీరా చూస్తే ప్రోగ్రాము కామ్ 1 అనే పోర్టులో ఎదురుచూస్తోంది, కార్డు కామ్ 3గా కూర్చుంది. ఆ అంకె మార్చగానే మొదటి టిక్కీ తూకం తెర మీద పడింది. కళ్లంలో ఉన్న హమాలీలు కూడా ఈలలు వేశారు.

ఇక అసలు చెప్పదలచిన మాట. విత్తనాల చట్టం 1966లోనే వచ్చింది. సంచికి లేబులు ఉండాలని అందులో ఉంది. నకిలీలు ఆగలేదు, అయినా నిలదీయడానికి ఒక ఆధారం అంటూ దొరికింది. యంత్రాల విషయంలో ఆ పాటి కూడా లేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలతో పాటు వ్యవసాయ పరికరాలను కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న దీని కోసం ఒక పోర్టల్ ప్రారంభించారు. మంచిదే. కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టమే చేసింది. విడిభాగాలు, పుస్తకాలతో పాటు లోపలి సాఫ్ట్‌వేరును కూడా రైతుకు అందుబాటులో ఉంచాలన్నది. మన దగ్గరా సరుకు అమ్మిన కంపెనీ, మోడలు పాతదైనంత మాత్రాన దాని డ్రైవర్లను చెత్తబుట్టలో వెయ్యకూడదని ఒక నియమం పెట్టడానికి అడ్డమేమిటి? ఒక ఫైలు అట్టే పెట్టడానికి కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టాలా?

ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. పట్నాల్లో తీసిపారేసిన ల్యాప్‌టాప్‌లు చవకగా మన ఊళ్లకే వస్తాయి. విండోస్ 11 వస్తే మాత్రమేం, అది 64 బిట్ రకం మాత్రమే, 32 బిట్ నాటి పాత డ్రైవరు దానిలో ఎక్కనే ఎక్కదు. కాబట్టి మళ్లీ విండోస్ వేయించుకునే ముందు, సి డ్రైవు విండోస్ ఫోల్డరులో సిస్టమ్ 32 కింద డ్రైవర్‌స్టోర్ అనే అర ఉంటుంది, దాన్ని మొత్తం పెన్‌డ్రైవులోకి నకలు తీసి పెట్టమని రిపేరు చేసే కుర్రాడితో గట్టిగా చెప్పాలి. మండల కేంద్రాల్లోని జూనియర్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు తమ చుట్టుపక్కల వాడుకలో ఉన్న యంత్రాల డ్రైవర్లను ఒకచోట దాచిపెడితే ఖర్చు ఏమంత అవుతుంది? పిల్లలకు అదే ప్రాక్టికల్స్ కింద కూడా లెక్క వేయవచ్చు.

మా కాటా ఇప్పుడు నడుస్తోంది. కార్డు సంఖ్యను మార్కరుతో ల్యాప్‌టాప్ అడుగున రాసి పెట్టాం. డ్రైవరు ఫైలు రెండు పెన్‌డ్రైవుల్లో ఉంది, ఒకటి కాటా పెట్టెలో, ఒకటి మా ఇంటి బీరువాలో, పిల్లలకు అందనంత ఎత్తున. చుట్టుపక్కల ఊళ్లలో ఇదే రకం కార్డుతో తిప్పలు పడుతున్న వారెవరైనా ఉంటే వచ్చి ఎక్కించుకోవచ్చు. పెన్‌డ్రైవు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.