యంత్రాన్ని చూచే బాలుడు, యంత్రిని చూపవలసిన పెద్దలు

వీధిలో మురుగుకాలువ కోసం జేసీబీ వచ్చిందంటే చాలు, ఆ వీధిలోని పసివారందరికీ అది ఉత్సవమే. అన్నం మరచిపోతారు, ఎండ మరచిపోతారు. ఉక్కు హస్తం నేలలోనికి దిగి, గంపలకొద్దీ మట్టిని ఒక్క పట్టుతో పైకెత్తి లారీలో పోసే దృశ్యాన్ని అనిమేషులై చూస్తూ నిలబడతారు. మాటలు పూర్తిగా రాని బాలుడు సైతం జేసీబీకీ ప్రొక్లెయిన్‌కూ భేదం చెబుతాడు. క్రేనును, రోడ్డు రోలరును దూరం నుండే ధ్వనిని బట్టి గుర్తిస్తాడు. ఈ మోహం పిల్లలకే పరిమితమనుకోవడం కూడా పొరపాటే. 2019లో జేసీబీ తవ్వకాన్ని గుంపులుగా నిలిచి చూచే పెద్దల చిత్రాలు దేశమంతటా పరిహాసానికి విషయమైనవి.

ఆలయాలకు వచ్చే తల్లిదండ్రులలో కొందరికి ఇది చింతను కలిగిస్తున్నది. యంత్రం ముందు గంటసేపు కదలని బాలుడు గర్భాలయం ముందు పది నిమిషాలు నిలవడు. ఇది సంస్కార లోపమా? జడవస్తువుపై ఇంతటి ఆసక్తి బహిర్ముఖత్వానికి నాంది కాదా? ఇది మొదటి పూర్వపక్షం. రెండవది ఇంతకంటె కఠినమైనది. కన్నార్పకుండా చూస్తున్న బిడ్డ చేయి పట్టి లాగుతూ, “చదువుకోకపోతే రేపు నువ్వూ ఆ బండి తోలుకోవలసిందే” అని అనేవారు ఎందరో ఉన్నారు. ఈ రెండూ విచారణీయాలే.

మొదటి పక్షాన్ని పరిశీలిద్దాం. బాలుడు ఆ యంత్రంలో చూస్తున్నది ఏమిటి? తన శరీరాన్నే. జేసీబీ వెనుకభాగంలోని తవ్వే అంగానికి భుజం ఉన్నది, మోచేయి ఉన్నది, మణికట్టు ఉన్నది, చివర పండ్లు గల దోసిలి ఉన్నది. ఇసుకలో తన చిన్న చేయి చేసే పనినే అది పెద్దగా చేస్తున్నది. గొట్టాలలో ప్రవహించే నూనె పీడనానికి లోనై ఉక్కు కడ్డీలను నెట్టడం వలన ఆ బలం పుడుతున్నది. ఒకచోట నూనెపై కలిగించిన ఒత్తిడి అంతటా సమంగా ప్రసరించి, విశాలమైన ముఖంపై మహాబలంగా పరిణమిస్తుంది. అల్పంలో నుండి అనల్పం ఎట్లు వచ్చినదన్న ఆశ్చర్యమే బాలుని నిలబెడుతున్నది. ఆశ్చర్యం నుండి ప్రశ్న, ప్రశ్న నుండి జిజ్ఞాస పుడతాయి. జిజ్ఞాస లేనివానికి బ్రహ్మవిచారంలో సైతం ప్రవేశం లేదు. కనుక ఆ చూపును నిందించరాదు. అది ఎక్కడ ఆగిపోతున్నదన్నదే విచారించవలసినది.

కొంతసేపు గమనిస్తే ఒక విశేషం కనబడుతుంది. చూచి చూచి, చివరకు పసివారు యంత్రానికి కాదు, దానిలో కూర్చున్న డ్రైవరుకు చేయి ఊపుతారు. అతడు నవ్వి చేయి ఊపితే ఆ దినం వారికి పర్వదినం. ఎవరూ బోధించకుండానే ఆ శిశుహృదయం ఒక సిద్ధాంతాన్ని చేరుకున్నది: జడం స్వయంగా కదలదు, కదిలించే చేతనుడు లోపల ఉన్నాడు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో రచనానుపపత్తి అధికరణం చెప్పేది ఇదే. శంకర భగవత్పాదులు అక్కడ గృహాలు, ప్రాసాదాలు, శయ్యలు, ఆసనాలు ఉదాహరణలుగా గ్రహించి, ప్రజ్ఞావంతులైన శిల్పులు లేక ఇవి రూపొందడం లోకంలో ఎక్కడా కానరాదని నిరూపించారు. సారథి, అశ్వం లేని రథం కదలదన్నదీ అదే ప్రకరణంలోని యుక్తి. గీత పదునెనిమిదవ అధ్యాయంలో భగవానుడు సర్వప్రాణులనూ యంత్రారూఢులుగా వర్ణించి, తిప్పే ఈశ్వరుడు వారి హృదయంలోనే ఉన్నాడని ఉపదేశించాడు. వీధిలోని జేసీబీ పక్కన నిలిచి ఈ మాటను బాలునికి చెప్పడం ఎంత సులభం! “ఆ బండిలో మామయ్య ఉన్నాడు కనుక చేయి కదులుతున్నది. నీ చేతిని కదిలించేవాడు ఎవరు నాన్నా?” అన్న ఒక్క ప్రశ్న చాలును. సమాధానం వెంటనే రానక్కరలేదు. ప్రశ్న మిగిలితే చాలును.

ఇతిహాసం కూడా యంత్రాలను తిరస్కరించలేదు. వాల్మీకి యుద్ధకాండలోని సేతునిర్మాణ ఘట్టంలో వానరులు ఏనుగుల ప్రమాణం గల శిలలను యంత్రాల సహాయంతో తరలించినట్లు స్పష్టంగా ఉన్నది. కొందరు కొలతత్రాళ్లు పట్టారు, కొందరు దండాలు ధరించారు. విశ్వకర్మ పుత్రుడైన నలుని నాయకత్వంలో మొదటి దినం 14, తరువాత వరుసగా 20, 21, 22, 23 యోజనాల చొప్పున అయిదు దినాలలో నూరు యోజనాల సేతువు పూర్తయినది. క్రేనులను ప్రేమించే పిల్లలకు ఈ లెక్కను చెప్పి చూడవలెను. పురాణశ్రవణమంటే విసుగుకొనే బాలుడు సైతం చెవులు రిక్కిస్తాడు.

అదే రామాయణం బాలకాండలో మరొక తవ్వకాన్ని కూడా చెప్పినది. యాగాశ్వాన్ని వెదుకుతూ సగరపుత్రులు అరువదివేలమంది భూమిని చీల్చివేశారు. భూమి ఆక్రోశించినది, అందులోని ప్రాణులు హతమైనవి. వారు ఆగలేదు. చివరకు తపస్సులో ఉన్న కపిలమహర్షిని దొంగయని నిందించి, ఆయన హుంకారంతో భస్మమయ్యారు. సేతువును కట్టినవారూ భూమిని కదిలించారు, సగరపుత్రులూ కదిలించారు. బలంలో భేదం లేదు, భావంలో ఉన్నది. ఒకరు ధర్మకార్యానికై నాయకుని ఆజ్ఞలో నిలిచి పనిచేశారు. మరొకరు మదంతో, ఎవరి బాధనూ లెక్కచేయక తవ్వారు. చెరువుల శిఖాలను, కొండలను, ఇసుకరేవులను రాత్రికి రాత్రి తవ్వి మాయం చేసే యంత్రాలూ ఈనాడు ఉన్నవి. యంత్రబలాన్ని మాత్రమే చూచి పెరిగిన బాలునికి ఈ రెండు తవ్వకాల భేదం తెలియదు. అది చెప్పవలసిన బాధ్యత పెద్దలది.

భూమిపై పని ఆరంభించడానికి ముందు అనుజ్ఞ కోరడం ఈ దేశపు ఆచారం. ఆగమాలు ఆలయనిర్మాణానికి ముందు కర్షణాన్ని విధించినవి. ఎన్నుకున్న నేలను ఎద్దులతో దున్ని, విత్తనాలు చల్లి, మొలిచిన పైరును గోవులకు మేపిన పిదపనే నిర్మాణం. వరాహమిహిరుని బృహత్సంహిత విగ్రహానికై వృక్షాన్ని ఛేదించే ముందు, దానిని ఆశ్రయించిన భూతాలకు బలి సమర్పించి, వేరొకచోట నివాసం ఏర్పరచుకొమ్మని ప్రార్థించవలెనని చెప్పినది. ఇంటికి శంకుస్థాపన జరిగేటప్పుడు పిల్లలను ఫోనులకు అప్పగించి పక్కకు పంపడం కంటె, వారి చేత ఒక పిడికెడు మట్టిని తీయించి, భూమాతకు నమస్కరింపజేయడం మేలు. తవ్వకం పట్ల వారికి ఉన్న ప్రీతి అక్కడ పూజగా మారుతుంది.

ఇక రెండవ పూర్వపక్షం. “చదువుకోకపోతే ఆ బండి తోలుకోవాలి” అన్న మాట బాలునికి రెండు అసత్యాలను ఒకేసారి నేర్పుతున్నది: శ్రమ శిక్ష అని, శ్రామికుడు అధముడని. తాను క్షణం క్రితం ఆరాధనతో చూచినవానినే నీచునిగా చూడమన్న ఉపదేశమిది. విశ్వకర్మను దేవతగా కొలిచే ధర్మంలో, విజయదశమి వేళ పనిముట్లకు పసుపుకుంకుమలు అలంకరించే ఇళ్లలో, ఈ మాట ఎట్లు చెల్లుతుంది? ఆయుధాన్ని పూజించి, దానిని పట్టిన చేతిని అవమానించడం పూజకు వైకల్యమే.

నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడుదలైనది. ఆ మహాకట్టడం రాతికట్టడం. అసంఖ్యాకులైన స్త్రీపురుషులు తలలపై, భుజాలపై రాళ్లు మోసి దానిని నిలబెట్టారు. కృష్ణాజలంతో పండిన అన్నం తిన్న ప్రతి కుటుంబం వారికి ఋణపడి ఉన్నది. ఈనాడు ఆ బరువును యంత్రాలు మోస్తున్నవి. అది శ్రామికుల వెన్నెముకలపై జరిగిన అనుగ్రహమేనని గ్రహించవలెను.

మరొక సత్యం మరింత బాధాకరమైనది. నిర్మాణస్థలంలో కంచె వెలుపల నిలిచి ఆనందించే బాలుడు ఒకడు. కంచె లోపల, చీరతో కట్టిన ఉయ్యాలలో చెల్లెలిని ఊపుతూ, ఇటుకలు మోసే తల్లి కోసం ఎదురుచూచే బాలుడు మరొకడు. ఇద్దరికీ ఇసుకకుప్ప ఒకటే, ఇద్దరిలోని ఆత్మ ఒకటే. మొదటివానికి యంత్రం వినోదం, రెండవవానికి అది నిత్యభయం. ఊరూరా పని వెంట సాగే కుటుంబాలలోని ఆ పిల్లలకు బడి సైతం నిలకడగా ఉండదు. సర్వభూతాలలో సమదర్శనాన్ని ప్రవచించే సత్సంగాలు, ఎదుటి స్థలంలో కట్టడం సాగుతున్నంతకాలం ఆ పిల్లలకు పూట భోజనమో, సాయంకాలం అక్షరాభ్యాసమో ఏర్పాటు చేయగలిగితే, అది అద్వైతానికి ఆచరణభాష్యం అవుతుంది.

కనుక సిద్ధాంతమిది. పసివాని చూపును లాగివేయరాదు, ఫోనులోని బొమ్మ యంత్రాలకు అప్పగించనూ రాదు. పెద్దలు తాముగా పక్కన నిలబడవలెను. తగిన దూరం తప్పనిసరి: యంత్రం వెనుకకు తిరిగేటప్పుడు డ్రైవరుకు పసివాడు కనబడడు, తవ్విన గోతి అంచు ఏ క్షణంలోనైనా కూలవచ్చును. జాగ్రత్త కూడా ధర్మమే. పని ఆగిన వేళ ఆ శ్రామికునికి చల్లని మజ్జిగను బిడ్డ చేతనే ఇప్పించవలెను. ఇంతకుముందు యంత్రం వైపు చాచిన ఆ చిన్న చేయి అప్పుడు మనిషిని చేరుతుంది. మనిషిలోని యంత్రిని గుర్తించడం ఆ తరువాతి మెట్టు. గర్భాలయంలో నిశ్చలంగా నిలవడం అటువంటి బాలునికి ఎవరూ నేర్పనక్కరలేదు.

శుభం భూయాత్.