రోడ్డు జాతకం, వాన నేరం

జడివాన కురిసిన మరునాడే రోడ్డు గోతులమయమైతే, ఇంజనీరు మొదలు మంత్రి వరకూ అందరి వేళ్ళూ ఆకాశం వైపే లేస్తాయి. మనమూ ఆ సాకును నమ్మి, ఒక వ్యంగ్యపు టపా రాసి చేతులు దులుపుకుంటున్నాం. వాన నిర్దోషి అనను. కానీ పైపొర పగలనిదే నీరు అడుగు మట్టిదాకా అంత సులువుగా చేరదు. ఆ పగుళ్ళలో అధికభాగం బరువు పుణ్యమే. ఏ బరువుకి ఎన్నాళ్ళు ఆగుతుందో లెక్కకట్టే శాస్త్రం మనలో చాలామంది పుట్టకమునుపటిది.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర (కెనడా రాజధాని కాదు, అదే పేరున్న చిన్న ఊరు) 1958 నుంచి 1960 దాకా, రకరకాల మందాలతో రోడ్డు ముక్కలు వేసి, సైనికుల చేత వాటిమీద లారీలు నడిపించారు. ఇరుసులు పదకొండు లక్షల సార్లకు పైగా దొర్లాయి. తేలిందేమంటే, ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే చేటు రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు! నాలుగో ఘాతమన్నమాట. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్డు మందం నిర్ణయించే పద్ధతిలోనూ ఈ లెక్కే ఉంది.

అది తెలిసికూడా 2018 జూలైలో కేంద్రం, నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. చూడబోతే పదమూడు శాతమే. నాలుగో ఘాతానికి ఎత్తి చూడండి, చేటు 1.6 రెట్లు. పాత పరిమితికి పదిహేనేళ్ళు నిలవవలసిన రోడ్డు, లారీలన్నీ కొత్త పరిమితి నిండా మోస్తే తొమ్మిదేళ్ళ చిల్లరకే చేతులెత్తేస్తుంది.

"బరువు పెరిగితే ట్రిప్పులు తగ్గవా?" అని సమర్థకులు అడుగుతారు. నాలుగోవంతు తగ్గాయనే అనుకుందాం (అంత తగ్గవు). అయినా చేటు 1.2 రెట్లు. కిరాయి ఖర్చు తగ్గిన మాట నిజమే, ఆ లాభం సరుకు సొంతదారుది. అరిగిన రోడ్డు మాత్రం అందరిదీ. అర టన్ను ఇరుసు బరువుండే కారు చేసే చేటు, ఈ లెక్కన, ఆ లారీ ఇరుసు చేసేదానిలో లక్షోవంతు కూడా కాదు.

పైగా రోడ్డు క్రమంగా చెడదు. కొన్నేళ్ళు నున్నగానే కనబడి, ఆపైన ఒక్కసారిగా కూలబడుతుంది. ఆ మలుపుకు ముందే పైపొర వేయాలని ఇంజనీర్లకు తెలుసు. నిధులిచ్చేవారికి మాత్రం గోతులు పడితేగానీ రోడ్డు కనబడదు.

పని జరిగేచోట బోర్డుమీద కాంట్రాక్టరు పేరూ, ఖర్చూ రాస్తారు కదా. ఎన్ని ప్రామాణిక ఇరుసులకు ఆ రోడ్డు వేశారో, ఇప్పటికి ఎన్ని దొర్లాయో కూడా ఏటేటా రాయమనండి. వాన సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.